లేటరల్ ఎంట్రీలో చేరాను, ఎక్కడ ఉండాలో తేలడం లేదు

రాజోలు వైపు ఒక లంక గ్రామం నుంచి పందొమ్మిదేళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దని కోరారు. ఊరి పేరు, కాలేజీ పేరు మేమే తీసేశాం.

పాలిటెక్నిక్‌లో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) డిప్లొమా పూర్తిచేసి, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి, భీమవరంలో ఓ ఇంజినీరింగ్ కాలేజీలో నేరుగా రెండో ఏడాదిలో (దీన్నే లేటరల్ ఎంట్రీ అంటారు) చేరారు. కౌన్సెలింగ్ ఆలస్యం కావడంతో తరగతులు మొదలైన మూడు వారాలకు గానీ క్లాసులో అడుగు పెట్టలేదు. చేరి నెల కావస్తోంది. ప్రస్తుతం భీమవరంలోనే మేనత్తగారింట్లో ఉంటున్నారు. నాన్నగారు మూడేళ్లూ అక్కడే ఉండిపొమ్మంటున్నారు. ఖర్చు లేదు, సొంత మనుషులు అని ఆయన ధీమా. అత్తయ్య బాగానే చూసుకుంటారు. కానీ హాలూ ఒక గదీ ఉన్న ఇల్లు. రాత్రి పదింటిదాకా టీవీ మోగుతూనే ఉంటుంది. పుస్తకం తెరవాలంటే వంటింటి గట్టే దిక్కు. ఉద్యోగం చేసుకుంటున్న బావ కూడా ఆ ఇంట్లోనే ఉంటాడు. "కోడలు పెళ్లికి ముందే వచ్చేసిందే" అని పక్కింటావిడ నవ్వుతూ అన్న మాట ఈ అమ్మాయిని నిద్రపోనివ్వడం లేదు. నాన్నకు చెబితే అక్కాతమ్ముళ్ల మధ్య పొరపొచ్చాలు వస్తాయేమోనని భయం.

అమ్మ కాలేజీ హాస్టలే నయమంటారు. దానికి ఏడాదికి 80,000 రూపాయలు, అదీ ఒకేసారి కట్టాలి. టౌన్లో లేడీస్ హాస్టల్‌కైతే నెలకు 5,500. వేరే కాలేజీలో చేరిన డిప్లొమా స్నేహితురాళ్లిద్దరు 7,500 అద్దెకు ఒక పోర్షన్ చూసిపెట్టారు, ముగ్గురం పంచుకుందాం రమ్మంటున్నారు. ఇవేవీ కాకపోతే ఊరి నుంచి రోజూ రెండు బస్సులు మారి అప్ అండ్ డౌన్.

క్లాసు సంగతి ఆమె మాటల్లోనే: "హాజరు పిలుస్తూ సార్ మా నంబర్ల దాకా వచ్చేసరికి క్లాసంతా మాటల్లో పడిపోతుంది. ల్యాబ్‌లో ఒకబ్బాయి నన్ను మా రోల్ నంబర్లలో ఉండే '5ఏ'తో పిలిచాడు, అందరూ నవ్వారు. మధ్యాహ్నం డిప్లొమా నుంచి వచ్చిన నలుగురమే ఓ మూల కూర్చుని తింటాం. పాలిటెక్నిక్‌లో నేను క్లాసులో రెండోదాన్ని. ఇక్కడ సిగ్నల్స్ క్లాసులో సగం అర్థం కావడం లేదు. పది రోజుల్లో మొదటి మిడ్ పరీక్ష. మానేసి ఉద్యోగం చూసుకుంటే నయమా?"

మీ ఉత్తరంలో రెండు చిక్కులు ఒకే ముడిలో పడ్డాయి. ఎక్కడ ఉండాలన్నది ఒకటి, క్లాసులో ఎవరితో కూర్చోవాలన్నది ఇంకొకటి. క్లాసులో పడుతున్న ఒంటరితనానికి మందు కూడా గదిలోనే దొరుకుతుందని మీకు అనిపిస్తోంది. పాత స్నేహితురాళ్ల పోర్షన్ గురించి రాసిన నాలుగు వాక్యాల్లోనే మీ ఉత్తరం కాస్త తేలికపడింది. ఆ కోరికలో తప్పేమీ లేదు. కానీ గది మారితే సాయంత్రాలు బాగుపడతాయి, ల్యాబ్ టేబుల్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకని ముందు గది సంగతి చూద్దాం, తర్వాత క్లాసు సంగతి.

ఇంకోటి. మీ ఇంట్లో అందరూ మూడేళ్ల లెక్కన ఆలోచిస్తున్నారు. ఊరు కొత్త, కాలేజీ కొత్త, మనుషులు కొత్త. ఇప్పుడే మూడేళ్లకు సరిపడా నిర్ణయం ఎవరికీ చేతకాదు. ఈ సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా, అంటే సుమారు మూడు నెలలకు ఏది కుదురుతుందో చూడండి. సెమిస్టర్ సెలవుల్లో మళ్లీ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఇలా అనుకుంటే ఏడాది డబ్బు ఒకేసారి అడిగే చోటుకీ, నెల నోటీసుతో ఖాళీ చేయగలిగే చోటుకీ తేడా స్పష్టంగా కనబడుతుంది.

అత్తయ్యగారిల్లు. మేనత్త కొడుకున్న ఇంట్లో ఎదిగిన మేనకోడలు ఉంటే మన వైపు వీధి ఏమనుకుంటుందో మీకూ తెలుసు, మీ అమ్మగారికి ఇంకా బాగా తెలుసు. పక్కింటావిడ మాట మీరు ఊహించుకున్నదేమీ కాదు. పెద్దల మనసులో ఆ సంబంధం ఆలోచన ఉందో లేదో నాకు తెలియదు, మీకూ తెలియకపోవచ్చు. ఉన్నా లేకపోయినా, ఆ ఇంట్లో మూడేళ్లు గడిస్తే అడగకుండానే ఒప్పుకున్నట్టు లెక్క కట్టేవాళ్లు ఉంటారు. రేపు మీరు కాదంటే ఆ రోజు వచ్చే మాట ఇవాళ్టి మాటకంటే పెద్దది. బావ ప్రవర్తన గురించి మీరు ఏమీ రాయలేదు కాబట్టి అక్కడ ఇబ్బంది లేదనే అనుకుంటున్నాను. ఒకవేళ ఉండి రాయలేకపోయి ఉంటే, కింద చెప్పే లెక్కలేవీ వేసుకోకుండా ఈ వారమే బయటికి వచ్చేయండి. అమ్మకు ఒక్క ఫోను చాలు.

అలాంటిదేమీ లేకపోతే తొందర పడనక్కర్లేదు. అక్కాతమ్ముళ్లకు నొప్పి తగలకుండా బయటపడే దారి ఉంది. పక్కింటావిడ మాట అమ్మకు మాత్రమే చెప్పండి, ఆవిడ అన్న మాటలోనే, పెంచకుండా తుంచకుండా. నాన్నగారికి ఎప్పుడు, ఎంత చెప్పాలో అమ్మ చూసుకుంటారు. నాన్నగారితో మీరు మాట్లాడాల్సింది చదువు గురించి: టీవీ, గట్టు, పదింటి తర్వాత గానీ తెరుచుకోని పుస్తకం. అదీ నిజమే కాబట్టి దాచినట్టు కాదు. ఇక అత్తయ్య. కాలేజీ హాస్టల్లో చేరినా, పద్ధతిగా నడిచే లేడీస్ హాస్టల్లో చేరినా దరఖాస్తులో లోకల్ గార్డియన్ పేరు, ఫోను నంబరు, చాలాచోట్ల ఫొటో, సంతకం కూడా అడుగుతారు. జ్వరం వచ్చి గేటు దాటాలన్నా, పండక్కి ముందురోజు బయటికి రావాలన్నా ఆ సంతకం కావాలి. ఆ చోట అత్తయ్య పేరు రాయించండి. "ఊళ్లో నాకున్న పెద్దదిక్కు నువ్వే అత్తయ్యా, నువ్వు సంతకం పెడితేనే హాస్టల్లోకి రానిస్తారట" అని ఫారం ఆవిడ చేతికే ఇవ్వండి. ఇల్లు విడిచిపోతోందన్న బాధ ఆవిడకు ఉన్నా, పక్కన పెట్టేశారన్న చిన్నతనం ఉండదు. ఆదివారం భోజనానికి వెళ్తూ ఉండండి.

అక్కడే ఉండిపోవాల్సి వస్తే, డబ్బు వల్ల అలా జరగొచ్చు, రెండు మార్పులు అడగండి. కాలేజీ లైబ్రరీ సాయంత్రం ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో చూసుకుని, చదువంతా అక్కడే ముగించుకుని ఇంటికి వెళ్లడం. శనివారం సాయంత్రం ఊరికి వెళ్లి సోమవారం పొద్దున తిరిగి రావడం. వారానికి ఐదు రాత్రులు ఉండే మేనకోడలిని వీధి చుట్టంగానే చూస్తుంది.

రోజూ ఊరి నుంచి తిరగడం మీ నాన్నగారికి రెండో ఇష్టం అని రాశారు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ డబ్బులు లేవు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. కాబట్టి ఖర్చు సున్నా అని ఆయన అనడం నిజమే. కానీ ఆ లెక్కలో హాజరు లేదు. సెమిస్టర్‌కు 16 వారాల తరగతులు. వారానికి 6 రోజులు, రోజుకు 7 పీరియడ్లు అనుకుంటే మొత్తం 672. 75 శాతం హాజరు ఉండాలంటే మీరు పోగొట్టుకోగలిగేది 168 పీరియడ్లు. చేరడానికి ముందు పోయిన మూడు వారాలే 126. చేరాక గడిచిన నాలుగు వారాలు పోను ఇక మిగిలిన తొమ్మిది వారాల్లో చించినాడ వంతెన దాటి, పాలకొల్లులో బస్సు మారి వచ్చేసరికి రోజూ మొదటి పీరియడ్ పోయిందనుకోండి, ఇంకో 54. మొత్తం 180. హద్దు దాటిపోయింది. ఒక్కరోజు కూడా సెలవు పెట్టకుండానే.

లేటరల్ వాళ్లకు హాజరు చేరిన తేదీ నుంచి లెక్కిస్తారా, తరగతులు మొదలైన రోజు నుంచా అన్నది రేపే కాలేజీ ఆఫీసులో అడగండి. చేరిన తేదీ నుంచైతే మీకు ఊపిరి ఆడుతుంది. 65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, ఫీజు కట్టి కండోనేషన్ (తగ్గిన హాజరుకు మన్నింపు) తెచ్చుకోవచ్చు. 65 దాటకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం చూస్తారు. నాన్నగారి ముందు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి.

వరద సంగతి ఆయనకు చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మీ లంక కాజ్‌వే ఏ హెచ్చరిక దగ్గర మునుగుతుందో, పడవ ఎన్నాళ్లు నడుస్తుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. లేటరల్ వాళ్లు క్లాసుల్లో చేరే రోజులూ గోదావరి పొంగే రోజులూ కొంచెం అటూ ఇటూగా ఒకటే. ఆ తర్వాత తుపాన్ల కాలం. రోజూ తిరగడం అసాధ్యమని అనను. ఇంటి నుంచి కాలేజీకి ఒకే బస్సు, గంటలోపు ప్రయాణం ఉన్నవాళ్లు చక్కగా నెట్టుకొస్తారు. మీది రెండు బస్సులు, ఒక కాజ్‌వే.

కాలేజీ హాస్టల్‌కు పెద్ద బలం దూరం లేకపోవడం. మొదటి పీరియడ్ పోదు, సాయంత్రం ల్యాబ్ ఆలస్యమైనా భయం లేదు, మీ క్లాసు అమ్మాయిలు అదే కప్పు కింద ఉంటారు. ఈ చివరి మాటే జాగ్రత్తగా చూసుకోవాలి. లేటరల్ వాళ్లు వచ్చేసరికి రెండో ఏడాది గదులు నిండిపోయి ఉంటాయి. మిగిలిన మంచం మొదటి ఏడాది వాళ్ల గదిలో దొరుకుతుంది. వాళ్ల మిడ్‌లు వేరే తేదీల్లో, వాళ్ల సెలవులు వేరు. మీరు చదివే రాత్రి వాళ్లకు ఆటవిడుపు. 80,000 కట్టి కూడా ఒంటరిగానే ఉన్నట్టవుతుంది. కాబట్టి డబ్బు కట్టకముందే వార్డెన్‌ను కలిసి, రెండో ఏడాది ఈసీఈ వాళ్ల గదిలో మంచం ఉందా, లేకపోతే సెమిస్టర్ సెలవుల్లో మార్పిస్తారా అని అడగండి. నోటిమాట సరిపోదు, దరఖాస్తు రాసి ఇచ్చి దాని కాపీ మీద సంతకం తీసుకోండి. ఏడాది మధ్యలో చేరేవాళ్లకు ఫీజు తగ్గిస్తారా, రెండు వాయిదాలకు ఒప్పుకుంటారా, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, కాషన్ డిపాజిట్ ఎప్పుడు ఇస్తారు అన్నవి కూడా అప్పుడే అడగాలి. కట్టాక అడిగితే జవాబు వేరుగా ఉంటుంది.

ఉత్తరంలో మీ కేటగిరీ రాయలేదు. అర్హత ఉంటే భీమవరంలో ఎస్సీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ అమ్మాయిల హాస్టళ్లలో సీటు కోసం కులం, ఆదాయం సర్టిఫికెట్లు, స్టడీ సర్టిఫికెట్, ఆధార్‌తో దరఖాస్తు పెట్టండి. ఇప్పుడు ఖాళీ లేదన్నా పెట్టి ఉంచండి, ఏడాది మధ్యలో ఖాళీలు వస్తూనే ఉంటాయి. స్కాలర్‌షిప్‌లో మెయింటెనెన్స్ డబ్బులు పడతాయి కదా అని మాత్రం వేరే హాస్టల్ ఫీజు లెక్క వేసుకోవద్దు. అవి మీ ఫీజు తేదీకి అందుతాయన్న నమ్మకం లేదు.

టౌన్లో లేడీస్ హాస్టల్ మూడు నెలలకు 16,500, పైన ఒక నెల అడ్వాన్సు. ఇప్పటికి చేతిలోంచి పోయేది తక్కువ, నచ్చకపోతే వదిలేయడం తేలిక. మీరు చూసినదాంట్లో నర్సులు, బ్యాంకు కోచింగ్ వాళ్లు ఎక్కువని రాశారు. వాళ్లు నెమ్మదస్తులే అయి ఉంటారు, చదువుకోవడానికి అడ్డు ఉండదు. కానీ సిగ్నల్స్‌లో ఒక లెక్క రాకపోతే అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

హాస్టలైనా, పోర్షనైనా అడ్వాన్సు ఇచ్చేముందు నీళ్లు చూడండి. భీమవరం చుట్టుపక్కల భూగర్భ జలం ఉప్పు. చాలా ఇళ్లలో తాగడానికి కాలువ నీళ్లో, 20 లీటర్ల క్యానో, మిగతావాటికి బోరు. వెళ్లేటప్పుడు సంచిలో ఒక సబ్బు ముక్క పెట్టుకెళ్లండి. బాత్రూం కుళాయి కింద మగ్గు నింపి, సబ్బు చేతిలో పది సార్లు రుద్ది చూడండి. నురగ లేచి నిలబడితే ఫర్వాలేదు. నురగ రాకుండా నీళ్లు పాలలా విరిగి, మగ్గు అంచుకు తెల్లటి తెట్టు అంటుకుంటే అవి ఉప్పు బోరు నీళ్లు. వాటితో రోజూ తలస్నానం చేస్తే జుట్టు బిరుసెక్కుతుంది, తెల్ల చుడీదార్లు పసుపెక్కుతాయి, గీజర్ లోపల సున్నం పట్టి నీళ్లు కాగవు. తర్వాత ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. మున్సిపల్ కుళాయి ఉందంటే ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వదులుతారో అడగండి. వేసవిలో కాలువలు కట్టేశాక చెరువుల్లో నిల్వ చేసిన నీళ్లే ఊరంతటికీ సర్దాలి. ఆ రెండు నెలలు ఏం చేస్తారన్నది అక్కడ ఉంటున్న అమ్మాయిలను అడగండి, ఓనరును కాదు.

రెండోది గోడ. నేల అంతస్తు గదైతే తలుపు వెనకా మంచం కిందా గోడ చూడండి. కొత్త రంగు వేసినా మోకాలి ఎత్తు దాకా పెచ్చులు లేస్తూ, చెయ్యి పెడితే చెమ్మగా తగిలితే వానాకాలం అక్కడ నీళ్లు నిలుస్తాయని అర్థం. యనమదుర్రు డ్రెయిన్ దగ్గరి పల్లపు వీధుల్లో నేల అంతస్తు నేనైతే చెప్పను, అద్దె తక్కువైనా సరే. దోమలు ఒక కారణం, అక్టోబరు వానలు ఇంకో కారణం. పై అంతస్తు ఎండాకాలం ఉడుకుతుంది, అది భరించగలం. కిటికీ ఉండాలి, మెట్ల దారిలో గ్యాస్ బండలు ఉండకూడదు, బీరువాకు సొంత తాళం వేసుకునే వీలుండాలి. అడ్వాన్సుకు రసీదు, ఖాళీ చేయడానికి నోటీసు ఎన్నాళ్లో రాతలో. చేరినరోజే గది నాలుగు మూలలా ఫోన్లో ఫొటోలు తీసుకోండి. పాత పగుళ్లు చూపించి డిపాజిట్ కోసేవాళ్లుంటారు.

స్నేహితురాళ్ల పోర్షన్. అద్దెలో మీ వాటా 2,500 అని సంబరపడకండి. కరెంటు సబ్‌మీటరుకు యూనిట్ ఎంతని ఓనరు లెక్కిస్తారో అడగండి. బియ్యం ముగ్గురికి రోజుకు కిలో పైచిలుకు, 26 కిలోల బస్తా ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజులు వస్తుంది. ఇంటి బియ్యం తెచ్చుకుంటే ఆ మేరకు మిగులు. గ్యాస్‌కు అయిదు కిలోల ఛోటు సిలిండరు గుర్తింపు కార్డు చూపిస్తే ఇస్తారు, కనెక్షన్ అక్కర్లేదు. రైస్ కుక్కర్‌లో అన్నం పెట్టుకుని కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకోవడమే ముగ్గురూ చేస్తారు, వద్దన్నా అదే జరుగుతుంది. అన్నీ కలిపితే 5,500 దరిదాపులకే వస్తుంది. వాళ్లలో ఒకరు మధ్యలో హాస్టల్‌కు మారితే మీ అద్దె వాటా 2,500 నుంచి 3,750కి ఎగబాకుతుంది. అగ్రిమెంటు ముగ్గురి పేర్లమీదా ఉండకపోతే, ఎవరి పేరుందో వాళ్ల నాన్న జేబుకు చిల్లు. అగ్రిమెంటు సాధారణంగా పదకొండు నెలలకు రాస్తారు. రెండు నెలల నోటీసుతో ఖాళీ చేయొచ్చని ఒక వాక్యం రాయించుకోండి.

డబ్బు అటుంచితే ఆ పోర్షన్‌లో మీకు దొరికేది నిజంగా విలువైనది. మీ తెలివిని ముందే ఎరిగిన ఇద్దరు మనుషులు. కాకపోతే వాళ్లది వేరే కాలేజీ, వేరే పరీక్ష తేదీలు. ఇంటికి రాగానే వాళ్లతో మాటలు, క్లాసులో నోరు మెదపకపోవడం. అలా మూడు నెలలు నడిస్తే క్లాసు ఇంకా దూరమవుతుంది. ఆ పోర్షనే ఎంచుకుంటే క్లాసు పని రెట్టింపు పట్టుదలతో చేసుకోవాలి. వాళ్లతో ఉండకపోయినా ఆదివారాలు ఉన్నాయి, భీమవరం పెద్ద ఊరేం కాదు.

ఇప్పుడు ఆ 5ఏ. కాకినాడ జేఎన్‌టీయూ రోల్ నంబర్లలో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాత రెండూ కాలేజీ కోడ్. ఆపైన మొదటి ఏడాది నుంచి చదువుతున్నవాళ్లకు 1ఏ, లేటరల్ వాళ్లకు 5ఏ. తర్వాత బ్రాంచి, ఈసీఈకి 04. చివర వరుస సంఖ్య. మీ నంబరులో సంవత్సరం వాళ్లకంటే ఒకటి ఎక్కువ, మధ్యలో 5ఏ. వరుసలో పెడితే మీ నలుగురూ అట్టడుగుకు వస్తారు. ల్యాబ్ బ్యాచ్‌లు ఆ వరుసను కోసే చేస్తారు, టేబుళ్లూ అలాగే, రేపు ప్రాజెక్టు టీములూ చాలాచోట్ల అలాగే. అంటే మీ నలుగురినీ ఒక మూలకు చేర్చింది సగం ఆ రిజిస్టరే. క్లాసంతా కూడబలుక్కుని మిమ్మల్ని వెలివేసిందని అనుకున్నంతకాలం మీరు వాళ్ల మొహాలు చూడలేరు. రిజిస్టరు చేసిన పనిని అడిగి మార్పించుకోవచ్చు.

మిగతా ముగ్గురితో ముందు మాట్లాడండి, లేకపోతే మీరొక్కరే తప్పించుకుంటున్నారని నొచ్చుకుంటారు. నలుగురూ కలిసి ల్యాబ్ ఇన్‌ఛార్జిని కలిసి, "మమ్మల్ని ఒకే టేబుల్ మీద కాకుండా తలా ఒక టేబుల్‌కు వేస్తే పాఠం అందుకుంటాం సార్" అని అడగండి. మొదటి మిడ్ అయిన వారం మంచి సమయం. ఒప్పుకోకపోతే వచ్చే సెమిస్టర్ బ్యాచ్‌లు వేసే ముందు హెచ్‌ఓడీని అడగండి. భోజనం దగ్గర ఆ నలుగురి కూటమిని విడగొట్టొద్దు, అది మీకు అండ.

టేబుల్ మారాక ఏం జరుగుతుందో చెబుతాను. ఇంటర్ నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి సీఆర్ఓ (తరంగాన్ని తెర మీద చూపించే పరికరం) ఇంకా కొత్త. తెర మీద తరంగం పరుగెడుతూ ఉంటుంది, నలుగురూ నాలుగు నాబ్‌లు తిప్పుతుంటారు. ట్రిగ్గర్ లెవెల్ సరిచేసి దాన్ని నిలబెట్టడం మీకు చేతి అలవాటు. ప్రోబ్ మీద చిన్న స్విచ్ పది రెట్ల వైపు ఉంటే రీడింగ్ పదో వంతు వస్తుందనీ, పెద్ద బ్రెడ్‌బోర్డు అంచు పట్టాలు చాలా రకాల్లో మధ్యలో తెగి ఉంటాయనీ, అందుకే సగం సర్క్యూట్‌కు సప్లై అందడం లేదనీ మీకు తెలుసు. ఆ సమయంలో మీ చేతులు వెనక్కి పెట్టుకోండి. నోటితో చెప్పి, తిప్పడం వాళ్లచేత చేయించండి. మీరే తిప్పి చూపిస్తే రెండు వారాల్లో టేబుల్ పనంతా మీ మీద పడుతుంది, ఆపైన రికార్డులు కూడా మీ సంచిలోకి వస్తాయి. పని చేసిపెట్టే అమ్మాయిగా స్థిరపడితే అందులోంచి బయటికి రావడం 5ఏ లోంచి రావడంకంటే కష్టం.

బదులుగా అడగాల్సింది అడగండి. సిగ్నల్స్ మీకు అందకపోవడానికి తెలివి కారణం కాదు. లాప్లాస్ మీరు డిప్లొమాలో చూసే ఉంటారు. ఆగిపోతున్నది పార్షియల్ ఫ్రాక్షన్స్ దగ్గర, సంకీర్ణ సంఖ్యల ఘాత రూపం దగ్గర, భాగాల పద్ధతిలో సమాకలనం దగ్గర అయి ఉంటుంది. ఎంపీసీ వాళ్లు ఇంటర్లో రెండేళ్లు నూరింది అదే. ల్యాబ్‌లో మీ మాట విన్న అమ్మాయినే రోజుకు అరగంట ఈ మూడూ చెప్పమనండి. ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నచోట జాలి ఉండదు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఉన్నానని రాశారు. మొదటి ఏడాదిలోనే వాళ్లు పెట్టుకున్న ఇంకో గ్రూపు ఉంటుంది, పాత ప్రశ్నపత్రాలు, నోట్సు ఫొటోలు తిరిగేది అందులోనే. క్లాస్ రిప్రజెంటేటివ్‌ను అడిగి అందులో చేరండి.

మిడ్ గురించి బెంగ తగ్గించుకోండి. కాకినాడ జేఎన్‌టీయూ ఇటీవలి నిబంధనల్లో రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క. మొదటిది దెబ్బతిన్నా రెండోది కాపాడుతుంది. మీ కాలేజీ అటానమస్ (పరీక్షలు సొంతంగా పెట్టుకునేది) అయితే వాళ్ల రూల్సు పుస్తకం చూసుకోండి. ఈ పది రోజులు మీరు రాకముందు చెప్పిన మూడు వారాల పాఠంలో ఒక్కో సబ్జెక్టుకు ఒక్క యూనిట్ మాత్రమే పట్టుకోండి. అన్నీ అందుకోవాలని చూస్తే ఏదీ అందదు.

5ఏ అని పిలిచినబ్బాయికి ఇంకోసారి అంటే, నవ్వకుండా, కోపం లేకుండా మీ పేరు చెప్పండి. "నా పేరు ఇది, అలా పిలువు." ఎక్కువ భాగం అక్కడే ఆగుతుంది. ఆగకుండా అదే పనిగా సాగినా, సీనియర్లు పిలిపించి ఏమైనా చేయించినా అది ర్యాగింగే. మన రాష్ట్రంలో దానికి 1997 నుంచి చట్టం ఉంది. కాలేజీలో చెప్పుకోలేకపోతే యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522కు ఫోన్ చేయొచ్చు.

మానేయడం గురించి. డిప్లొమా ఎక్కడికీ పోదు. ఏడాది అప్రెంటిస్‌గానో, టెక్నీషియన్‌గానో చేరే దారి మీకు వచ్చే ఏడాదీ ఉంటుంది. ఈ సీటు మాత్రం వదిలితే మళ్లీ ఈసెట్ రాసుకోవాలి. ఇంకో కాలేజీకి మారడమంటే రెండు కాలేజీల నిరభ్యంతర పత్రాలు, పైవాళ్ల అనుమతి, అదీ ఏడాది మొదట్లోనే. మొదటి సెమిస్టర్ ఫలితాలు చేతికొచ్చాక కూడా మీకు ఇలాగే అనిపిస్తే మళ్లీ రాయండి. అప్పుడు ఉద్యోగం సంగతే మాట్లాడుకుందాం.

ప్రస్తుతానికి రేపు ఆఫీసులో హాజరు తేదీ అడగండి, వార్డెన్‌ను మంచం గురించి అడగండి. ఆ రెండు జవాబులూ దొరికాక అమ్మతో మాట్లాడండి. ఆదివారం నాన్నగారు వస్తున్నారని రాశారు. ఆయన్ని అత్తయ్యగారింట్లో కూర్చోబెట్టి మాట్లాడొద్దు. హాస్టలో, పోర్షనో చూడటానికి వెంట తీసుకెళ్లండి, కుళాయి దగ్గర మగ్గు ఆయన చేతికివ్వండి. కూతురు ఉండబోయే చోటు నీళ్లు తన చేత్తో చూసుకున్న తండ్రి, మిగతా మాటలు కాస్త నెమ్మదిగా వింటారు.